చిక్కదనం ఇంజిన్ చెప్పాలి, గడువు దారి చెప్పాలి

కారు ఇంజిన్‌లో ఆయిల్ అయిదు పనులు చేస్తుంది. ఒకదానిమీద ఒకటి రాసుకునే లోహపు భాగాల మధ్య పొరగా నిలిచి అరుగుదలను ఆపుతుంది. రేడియేటర్ నీళ్ళు చేరలేని పిస్టన్ అడుగునా, క్రాంక్ బేరింగుల దగ్గరా ఉన్న వేడిని కింద ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి తెస్తుంది. మసినీ మడ్డినీ కడిగి తనలో ఉంచుకుంటుంది. పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య సందు మూసి కంప్రెషన్ జారిపోకుండా చూస్తుంది. లోపలి భాగాలకు తుప్పు పట్టనివ్వదు. ఈ పనులన్నీ సవ్యంగా సాగాలంటే కారు యజమాని రెండు నిర్ణయాలు సరిగ్గా తీసుకోవాలి. ఒకటి, ఎంత చిక్కటి ఆయిల్ పోయాలి. రెండు, ఎన్నాళ్ళకోసారి మార్చాలి.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతంలో చాలామంది ఈ రెంటినీ తారుమారు చేస్తారు. ‘మన ఎండలకు పలచటి ఆయిల్ ఆగదు’ అని చిక్కదనం మార్చేస్తారు. గడువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకంలో రాసిన పదివేల కిలోమీటర్లనే పట్టుకుని కూర్చుంటారు. చిక్కదనాన్ని నిర్ణయించేది ఇంజిన్ నిర్మాణం. ఊరి దారులనూ తిరిగే తీరునూ బట్టి మార్చుకోవలసింది గడువు.

డబ్బా మీది అంకెలు

ఆయిల్ డబ్బా మీద 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇంజిన్ ఆయిళ్ళను చిక్కదనాన్ని బట్టి వర్గాలు చేయడం అమెరికా ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ 1911లో మొదలుపెట్టింది. ఆ వర్గీకరణే ఎన్నోసార్లు మెరుగుపడి, ఇప్పుడు జె300 అనే ప్రమాణంగా ప్రపంచమంతా అమల్లో ఉంది. ఆయిల్ బెల్లం పాకంలాంటిది. వేడిమీద జారుతుంది, చల్లారితే చిక్కబడుతుంది. అందుకే దాని చిక్కదనం ఒక్క అంకెతో తేలదు. చలిలో ఎలా ఉంటుందో ఒక అంకె, వేడిలో ఎలా ఉంటుందో మరో అంకె చెబుతాయి.

డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే ఆయిల్ అంత గడ్డు చలిలోనూ స్టార్టర్‌కు అడ్డం పడకుండా కదులుతుంది. 0డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు దిగువన 35 డిగ్రీల సెల్సియస్ వద్ద పరీక్షిస్తారు. 5డబ్ల్యూని దిగువన 30 వద్ద, 10డబ్ల్యూని 25 వద్ద, 15డబ్ల్యూని 20 వద్ద, 20డబ్ల్యూని 15 వద్ద పరీక్షిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో చలికి పేరుపడ్డ లంబసింగిలో సైతం ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వస్తే అదే పెద్ద వార్త. కాబట్టి ఈ డెల్టా ప్రాంతంలో ఇంజిన్ తిరగడం మటుకే చూసుకుంటే ఏ డబ్ల్యూ అంకైనా సరిపోతుంది. అయినా చిన్న అంకెకు ఇక్కడ కూడా విలువ ఉంది. రాత్రంతా నిలిపిన కారును పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, ఆయిల్ పంపు నుంచి పైన క్యామ్‌షాఫ్ట్ దాకా పలచటి ఆయిల్ తొందరగా చేరుతుంది. ఆ తొలి క్షణాల్లో జరిగే అరుగుదల తగ్గుతుంది.

రెండో అంకె 100 డిగ్రీల వద్ద, అంటే ఇంజిన్ పనిచేసే వేడిలో, ఆయిల్ చిక్కదనాన్ని సూచిస్తుంది. దీన్ని సెంటీస్టోక్స్ అనే కొలతలో చెబుతారు. 20 గ్రేడ్ ఆయిల్ 6.9కీ 9.3కీ మధ్య, 30 గ్రేడ్ 9.3కీ 12.5కీ మధ్య, 40 గ్రేడ్ 12.5కీ 16.3కీ మధ్య, 50 గ్రేడ్ 16.3కీ 21.9కీ మధ్య ఉండాలి. కొత్త పెట్రోలు కార్లలో కనిపించే 16 గ్రేడ్ ఇంకా పలచన, 6.1 నుంచి 8.2 వరకు. వీటితోపాటు 150 డిగ్రీల వేడిలో, బేరింగులో పడేంత ఒత్తిడి కింద కూడా ఆయిల్ పొర ఎంత బలంగా నిలుస్తుందో పరీక్షిస్తారు. పలచటి గ్రేడు కూడా తనకు నిర్దేశించిన కనీస బలం చూపితేనే ఆ అంకె వేసుకోవచ్చు.

మే నెల ఎండ, ఇంజిన్ వేడి

ఏలూరులో మే నెల మిట్టమధ్యాహ్నం ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోతుందనుకుందాం. ఎండలో నిలిపిన కారు ఛాంబర్‌లోని ఆయిల్ కూడా దాదాపు ఆ వేడిలోనే ఉంటుంది. ఆ వేడిలో 0డబ్ల్యూ-20 ఆయిల్ సైతం ఇంజిన్ పనిచేసేటప్పటి కంటే నాలుగయిదు రెట్లు చిక్కగా ఉంటుంది. ఆయిల్ లెక్కలో ఏలూరు మే నెల కూడా చల్లటి కాలమే. అది పనిచేయవలసింది 90 నుంచి 110 డిగ్రీల మధ్య.

ఇంజిన్ వేడెక్కిన తర్వాత ఆ స్థాయిని థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ కలిసి కాపాడతాయి. బయట 25 డిగ్రీలున్నా 42 ఉన్నా కూలెంట్‌ను ఇవి 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతాయి. ఎండాకాలంలో ఫ్యాన్ ఎక్కువసేపు తిరుగుతుంది, ఆయిల్ వేడి మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. ఎండకు టెంపరేచర్ ముల్లు నిజంగానే పైకి పోతున్న కారులో లోపం కూలెంట్‌లోనో, ఫ్యాన్‌లోనో, పూడుకుపోయిన రేడియేటర్‌లోనో ఉంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే అది బాగుపడదు.

ఎండకు చిక్కటి ఆయిల్ అనే నమ్మకానికి పాత కార్లలో పునాది ఉంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో ఇంజిన్ భాగాల మధ్య సందులు ఎక్కువ. వాటికి 20డబ్ల్యూ-40 వంటి ఆయిల్ వాడేవారు. అది ఆ ఇంజిన్లకు తగినదే. ఇప్పటి ఇంజిన్ల తీరు వేరు. బేరింగుల సందులు తగ్గాయి, ఆయిల్ దారులు సన్నబడ్డాయి. వాల్వులు తెరిచే వేళను మార్చే యంత్రాంగం, టైమింగ్ చైన్‌ను బిగించే టెన్షనర్ చాలా కార్లలో ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి. 0డబ్ల్యూ-16 లేదా 0డబ్ల్యూ-20 కోసం తయారైన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే ఈ యంత్రాంగం ఆలస్యంగా స్పందిస్తుంది. ఒత్తిడి మరీ పెరిగినప్పుడు పంపులోని రిలీఫ్ వాల్వు తెరుచుకుని కొంత ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తుంది. ఫలితంగా బేరింగులకు అందే ఆయిల్ తగ్గుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది.

కారుతోపాటు ఇచ్చే యజమాని పుస్తకంలో ఏ గ్రేడు వాడాలో రాసి ఉంటుంది. చాలా ఇంజిన్లలో ఆయిల్ పోసే మూత మీద కూడా ముద్రించి ఉంటుంది. కొన్ని పుస్తకాలు ఒకటికి మించిన గ్రేడులను అనుమతిస్తాయి. అలాంటప్పుడు అనుమతించిన వాటిలో కాస్త చిక్కటిది ఎంచుకోవడానికి తగిన సందర్భాలున్నాయి. ఎప్పుడూ నిండు మనుషులతో, సామానుతో జాతీయ రహదారి మీద తిరిగే బండి ఒకటి. లక్ష కిలోమీటర్లు దాటి, రెండు సర్వీసుల మధ్య ఆయిల్ తగ్గిపోతున్న బండి ఇంకొకటి. 0డబ్ల్యూ-20కీ 5డబ్ల్యూ-30కీ రెంటికీ పుస్తకం ఒప్పుకుంటే వీటికి 5డబ్ల్యూ-30 మేలు. అయితే అరిగిన రింగులు, గట్టిపడిన వాల్వు సీళ్ళు చిక్కటి ఆయిల్‌తో కొత్తవి కావు. పొగ నీలంగా వస్తుంటే మెకానిక్‌కు చూపించాలి.

చిక్కదనం ఒక్కటే చాలదు

ఒకే 15డబ్ల్యూ-40 అంకె ఉన్న రెండు డబ్బాల్లో పూర్తిగా వేర్వేరు రసాయనాలు ఉండవచ్చు. ఆ తేడాను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఇచ్చే అక్షరాలు చెబుతాయి. ఎస్ అక్షరంతో మొదలయ్యేవి పెట్రోలు ఇంజిన్ల ఆయిళ్ళు, సీ అక్షరంతో మొదలయ్యేవి బరువు డీజిల్ ఇంజిన్లవి. పెట్రోలు వర్గంలో ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లలో తక్కువ వేగం దగ్గర ఇంధనం అదను తప్పి ముందే అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీసే సమస్య ఉంది. ఎస్‌పీ ఆయిల్ దాన్ని అదుపు చేసేలా తయారవుతుంది. పుస్తకం ఎస్‌ఎన్ అడిగితే ఎస్‌పీ పోయవచ్చు. ఎస్‌పీ అడిగితే ఎస్‌ఎన్‌తో సరిపెట్టకూడదు.

డీజిల్ కార్లకు ఇంకో జాగ్రత్త కావాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ నిబంధనల ప్రకారం తయారైన డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. ఆయిల్‌లోని లోహపు రసాయనాలు కాలినప్పుడు బూడిద మిగులుతుంది. పట్టిన మసిని ఫిల్టర్ మళ్ళీ కాల్చుకోగలదు, బూడిదను కాల్చలేదు. అందుకని ఈ కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్ వాడాలి. ఏసీఈఏ సీ2, సీ3 వంటి యూరోపియన్ గుర్తులు దాన్ని తెలియజేస్తాయి. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద డీజిల్ ఇంజిన్లకూ ట్రాక్టర్లకూ 15డబ్ల్యూ-40 ఆయిల్ బకెట్లలో తెచ్చి ఉంచుతారు. కారులో ఆయిల్ తగ్గిందని అందులోంచి ఒక లీటరు పోస్తే ఆ రోజుకు గడిచిపోతుంది. అదే అలవాటైతే ఖరీదైన ఫిల్టర్ బూడిదతో పూడుకుపోతుంది. మోటార్‌ సైకిల్ ఆయిల్ కూడా కారుకు పనికిరాదు. అది ఆయిల్‌లో మునిగి పనిచేసే క్లచ్చి కోసం వేరే లెక్కలతో తయారవుతుంది.

ఆయిల్ ఎందుకు పాడవుతుంది

మూల నూనెకు ఎన్నో రసాయనాలు కలిపితేనే అది ఇంజిన్ ఆయిల్ అవుతుంది. కాల్షియం, మెగ్నీషియం సమ్మేళనాలు ఆమ్లాలను విరుస్తాయి. జింక్, భాస్వరాల సమ్మేళనం లోహం మీద కాపుదల పొర కడుతుంది. మరికొన్ని మసిని ముద్ద కట్టనివ్వక చెదరగొట్టి ఉంచుతాయి. వేడిలో ఆయిల్ మరీ పలచబడకుండా పాలిమర్లు కాపాడతాయి. నడిచే కొద్దీ ఇవన్నీ ఖర్చవుతాయి. పాలిమర్లు నలిగి తెగుతాయి. వేడికీ గాలికీ నూనె ఆక్సీకరణ చెంది జిగురవుతుంది. కాలని ఇంధనం, తేమ, దుమ్ము వచ్చి చేరతాయి.

రంగు చూసి ఆయిల్ పాడైందని తేల్చడం పొరపాటు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని కడిగి తనలో పట్టి ఉంచుతోందనడానికి అదే గుర్తు. సీఎన్‌జీ మీద నడిచే కారులో ఆయిల్ చాలాకాలం తేటగా కనిపిస్తుంది, లోపలి రసాయనాలు మాత్రం ఎప్పటిలాగే ఖర్చవుతుంటాయి. వేళ్ళ మధ్య రుద్ది చూసినా ఆమ్లాలను విరిచే శక్తి ఎంత మిగిలిందో తెలియదు. అందుకే గడువును లెక్కతోనే పాటించాలి.

కిలోమీటర్లు, గంటలు, నెలలు

మన దేశంలో చాలా కార్లకు పుస్తకం చెప్పే గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందు వస్తే అది. కొన్నిటికి 15,000 కిలోమీటర్లు ఉంటుంది. అయితే అదే పుస్తకంలో మరోచోట కఠిన వాడకం అనే శీర్షిక ఉంటుంది. దుమ్ము దారులు, తరచూ కొద్ది దూరపు ప్రయాణాలు, ఎక్కువసేపు నిలిచి ఇంజిన్ తిరగడం, బరువులు లాగడం దాని కిందికి వస్తాయి. అలాంటి బండ్లకు గడువు చాలావరకు సగానికి, అంటే 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలకు, తగ్గుతుంది. ఈ ప్రాంతపు కార్లలో చాలా భాగం ఆ శీర్షిక కిందికే వస్తాయి. యజమానులు ఆ పేజీ తిప్పరు.

రెండు కార్లను పోల్చి చూడవచ్చు. ఒకటి తాడేపల్లిగూడెం నుంచి భీమడోలు, ఏలూరు మీదుగా విజయవాడకు 16వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ పోయి వచ్చేది. రెండోది ఏలూరులోనే పవర్‌పేట నుంచి రామచంద్రరావుపేటకు, అక్కడి నుంచి బడికీ బజారుకూ తిరిగేది. గంటకు సగటున 60 కిలోమీటర్లు పోయే మొదటి కారు ఇంజిన్ 10,000 కిలోమీటర్లకు సుమారు 167 గంటలు పనిచేస్తుంది. సగటు వేగం 20 దాటని రెండో కారు ఇంజిన్ అదే దూరానికి 500 గంటలు తిరుగుతుంది. మీటరు మీద అంకె ఒకటే, ఆయిల్ పడ్డ శ్రమ మూడింతలు.

గంటల తేడా అలా ఉంచితే, రెండో కారుకు మరో కష్టం ఉంది. రెండు మూడు కిలోమీటర్లకే ఆపేస్తే ఆయిల్ పూర్తి వేడికి రాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇంధనం కొంత కాలకుండా సిలిండర్ గోడల వెంట ఛాంబర్‌లోకి దిగుతుంది. మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి లోపలే నీరవుతుంది. దూరం పోయే కారులో ఇవి ఆవిరై వెళ్ళిపోతాయి, బజారు కారులో పేరుకుపోతాయి. ఆయిల్ మూత లోపలి వైపున లేత పసుపు మీగడలాంటి పూత కనిపిస్తే అది చాలావరకు ఈ తేమే. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలుకు నీటిని పీల్చే గుణం ఉంది కనుక ఈ జాగ్రత్త ఇంకా అవసరం. వారానికోసారి అరగంటకు తగ్గకుండా హైవే మీద నడిపితే ఆ తేమ చాలావరకు పోతుంది.

డీపీఎఫ్ ఉన్న డీజిల్ కారుకు ఈ కొద్ది దూరపు తిరుగుడు మరింత చేటు. పట్టిన మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ పని సగంలో ఉండగా కారు ఆపేస్తే మిగిలిన డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. అలా పెరిగిందంటే ఆయిల్ పలచబడిందని అర్థం, గడువుతో పని లేకుండా మార్చాలి.

దుమ్ము సంగతికి వస్తే, కొల్లేటి లంకల్లో చెరువు గట్ల మీద, మట్టి బాటల మీద కారు తక్కువ గేర్లలో నడుస్తుంది. ముందు వెళ్ళే చేపల బండి లేపిన దుమ్మంతా వెనక కారు ఎయిర్ ఫిల్టర్‌కు చేరుతుంది. దాళ్వా కోతల కాలంలో పొలాల్లోనూ ఇదే స్థితి. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైస్‌మిల్లుల్లో ఊక కాల్చే బాయిలర్ల నుంచి సన్నటి బూడిద లేస్తుంది. ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికా. అది ఇంజిన్‌లోకి వెళితే సిలిండర్ గోడలను సానపట్టినట్టు అరగదీస్తుంది. ఇలాంటి చోట్ల తిరిగే కారుకు 5,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చడంతోపాటు, అంతకుముందే ఎయిర్ ఫిల్టర్ తీసి చూడటం తప్పనిసరి.

తక్కువ తిరిగే కారుకు నెలల లెక్క వర్తిస్తుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, సంక్రాంతికి మాత్రమే బయటికి తీసే కార్లు ఊళ్ళలో చాలానే ఉన్నాయి. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదని ఆయిల్‌ను అలాగే ఉంచేస్తారు. డెల్టా తేమలో నిలిచిన ఇంజిన్‌లో ఆమ్లాలు, నీరు తమ పని చేస్తూనే ఉంటాయి. తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి. అమెరికాలోనూ యూరప్‌లోనూ కొన్ని కార్లకు 16,000 కిలోమీటర్లకో అంతకన్నా ఎక్కువకో మారుస్తారన్నది నిజమే. ఆ గడువు అక్కడి ఆయిల్ ప్రమాణానికీ దుమ్ములేని దారులకూ కట్టిన లెక్క. బంధువుల మాట విని దాన్ని ఇక్కడ పాటించకూడదు.

వరద నీరు వచ్చినప్పుడు

బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు కొల్లేటిలో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. పోటెత్తిన ఏళ్ళలో ఆ నీరు ఏలూరు-కైకలూరు రోడ్డెక్కుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు కూడా ఆ నీరే కిందికి వచ్చి ఈ రోడ్డు మీద రాకపోకలకు అడ్డం పడింది.

ఇంజిన్ గాలి పీల్చే గొట్టం దాకా నీరు వస్తే అది సిలిండర్‌లోకి చేరుతుంది. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేరు. ఆ స్థితిలో ఇంజిన్ తిరిగితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కాబట్టి నీళ్ళలో ఆగిపోయిన కారును, రాత్రంతా మునిగిన కారును మళ్ళీ స్టార్ట్ చేయకూడదు. ముందు డిప్‌స్టిక్ తీసి చూడాలి. మట్టం పెరిగినా, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారినా లోపలికి నీరు వెళ్ళినట్టే. బండిని లాక్కెళ్ళి సిలిండర్లలోని నీరు తీయించాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చి, కొద్దిసేపు నడిపాక మళ్ళీ ఒకసారి మార్చాలి. గేర్‌బాక్స్ ఆయిల్‌ కూడా చూడాలి.

కొలవడం, మార్చడం, పాత ఆయిల్ అప్పగించడం

రెండు వారాలకోసారి ఆయిల్ కొలిచే అలవాటు ఎన్నో నష్టాలను తప్పిస్తుంది. కారును చదునైన చోట నిలపాలి. ఏటవాలు గట్టు మీద చూస్తే కొలత తప్పుతుంది. ఇంజిన్ ఆపిన అయిదు పది నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీయాలి. ఆయిల్ గీత రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకు దగ్గరగా ఉంటే సరి. చాలా కార్లలో ఆ రెండు గుర్తుల మధ్య తేడా సుమారు ఒక లీటరు. పై గుర్తు దాటేలా పోయడం కూడా హానే. క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలి ఉంటుంది కనుక బేరింగులకు పొర నిలవదు.

మార్చేటప్పుడు ఇంజిన్ వెచ్చగా ఉంటే పాత ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది. ప్రతిసారీ ఫిల్టర్ మార్చాలి. పాత ఫిల్టర్‌లో మిగిలిన మురికి ఆయిల్ కొత్తదాన్ని మొదటి రోజే పాడుచేస్తుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా కొత్తది వేయించాలి. డబ్బా సీలు యజమాని కళ్ళముందే తెరవాలి, ఖాళీ డబ్బా మూత మళ్ళీ వాడటానికి వీల్లేకుండా విరగ్గొట్టాలి. నకిలీ ఆయిల్ చాలావరకు తిరిగి నింపిన డబ్బాల్లోనే వస్తుంది. మార్చిన తేదీ, మీటరు అంకె, పోసిన గ్రేడు, ఏపీఐ అక్షరాలు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటిస్తే తర్వాతి మెకానిక్‌కు ఊహలతో పని ఉండదు.

చిన్న కారు నుంచి ఒక్కో మార్పుకు సుమారు మూడు లీటర్లు, పెద్ద డీజిల్ కారు నుంచి అయిదు లీటర్లు, అంతకు పైన కూడా పాత ఆయిల్ దిగుతుంది. అందులో లోహపు రజను, కాలిన ఇంధనపు విషాలు ఉంటాయి. చట్టం దృష్టిలో అది ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు దాన్ని నేల మీద గానీ కాలువలో గానీ పోయడానికి ఒప్పుకోవు. తయారీదారులు వాడిన ఆయిల్‌ను తిరిగి శుద్ధి చేయించే బాధ్యత తీసుకోవాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. వర్క్‌షాపులో మార్పిస్తే పాత ఆయిల్ శుద్ధి కేంద్రానికి వెళ్ళేలా చూడమని అడగాలి. ఇంటి దగ్గర మార్చుకునేవారు దాన్ని మూత ఉన్న డబ్బాలో పోసి వర్క్‌షాపుకు అప్పగించాలి. ఏలూరు కాలువల్లోనో చేపల చెరువు గట్టునో పారబోసిన ఆయిల్ నీటిమీద పొరగా పరుచుకుని గాలిని అడ్డుకుంటుంది. ఆ నీటి మీద బతికే చేపలకూ, రైతులకూ, పక్షులకూ అది నేరుగా నష్టం. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేటిని కాపాడుకోవడంలో కారున్న ప్రతి ఇంటికీ ఈ మేరకు బాధ్యత ఉంది.